ముందు గడప

ఊరంతా స్టూడెంట్లతో కిక్కిరిసి, కెనడాలోని హాలిఫాక్స్‌లో అద్దెగది దొరకడం గగనమైన రోజులవి. నాకు మాత్రం హార్బర్ దగ్గర, ఇంగ్లండు జార్జి రాజుల కాలం నాటి రాతి మేడలో ఒక గది దొరికింది. ఇంటావిడ రిటైరైన తెలుగు డాక్టరు. అద్దెకున్న స్టూడెంట్లమంతా ఆమెను ఆంటీ అనేవాళ్లం.

చదివేది ఆర్కిటెక్చర్ కావడంతో ఆ ఇంటిని చూస్తూ ఎంతసేపైనా నిలబడేదాన్ని. నడిమధ్యన తలుపు, దాని పైన విసనకర్రలా విచ్చుకున్న గాజు, అటెన్ని కిటికీలో ఇటన్నే. పై అంతస్తులో ఒక కిటికీ అయితే ఉత్తుత్తిదే. దాని వెనక ఉన్నది గోడ. జత తప్పకూడదని చట్రం బిగించి నల్లరంగు పూశారు.

“ఫ్రంట్ డోర్ హెరిటేజ్ అమ్మా, ముట్టుకోకండి. మీరంతా బ్యాక్ నుంచి రండి,” అన్నారు ఆంటీ మొదటిరోజే.

వెనక మెట్లు ఇరుకు, నిటారు. దొరలకు ఎదురుపడకుండా పనివాళ్లు తిరగడానికి కట్టినవి. మంచు బూట్లతో, బియ్యం బస్తాతో వాటిమీద జారినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. లేని కిటికీకి ముందువైపు చోటుంది, ఉన్న మనుషులకు లేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఒక శుక్రవారం పొద్దున్నే ముందు తలుపు గడియ తీశాను. వెళ్లగొడితే ఆ చలిలో ఎక్కడికి పోవాలో తెలియదు. భయం వేసింది. అయినా గడప కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టాను.

ఆంటీ దిగివచ్చి చూశారు. “ఏంటిది? తుడిచెయ్. లేకపోతే రూమ్ ఖాళీ చెయ్.”

“నేను తుడవను ఆంటీ. మీరే తుడవండి,” అని తడిగుడ్డ చేతికిచ్చాను.

ఆవిడ వంగారు. గుడ్డ గడప దాకా వెళ్లి ఆగిపోయింది. ఎన్నేళ్లు కెనడాలో ఉంటే మాత్రం, శుక్రవారం పూట గడప మీది పసుపు కుంకుమ తుడవడానికి ఏ తెలుగు ఇల్లాలికి చేతులొస్తాయి? అది తెలిసే పెట్టాను.

“తలుపు వేసేస్తా,” అన్నారు లేస్తూ.

“పసుపు గడపకి గడియ పెడతారా ఆంటీ?”

“పొగరు,” అని గుడ్డ నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయారు.

సాయంత్రం క్లాసు నుంచి వచ్చి ముందు తలుపు తోశాను. తెరుచుకుంది.

“మంచు దులుపుకుని రా,” అని లోపలినుంచి ఆంటీ విసుక్కున్నారు.

బూట్లు దులుపుకున్నాను. కుడికాలు ముందు పెట్టి, గడప తొక్కకుండా లోపలికి నడిచాను. వెనక మెట్లవైపు పోబోతున్న మిగతా స్టూడెంట్లంతా నా వెనకే అలాగే వచ్చారు.