బాగైన ఎలుకలు

ఎనభైల నడిమి సంవత్సరాల్లో నేను హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో పనిచేసేదాన్ని. వారమంతా అక్కడ ఉండి, శనివారం సాయంత్రం బస్సులో మా ఊరు జహీరాబాదు వచ్చేదాన్ని. నా పని ఎలుకల గదిలో. తెల్ల చిట్టెలుకల కాలేయంలో క్యాన్సరు గడ్డ పెంచి, సగం వాటికి ఒక మందు, మిగతా సగానికి ఉప్పునీళ్లు సూదితో ఎక్కించేవాళ్లం. గడ్డ పెరగాలంటే రక్తం కావాలి. అందుకని అది చుట్టుపక్కల నుంచి కొత్త రక్తనాళాలను తనవైపు రప్పించుకుంటుంది. ఆ నాళాలు పుట్టకుండా అడ్డుకోవడమే మా మందు పని. సూదులు వేయడం, బోనులు కడగడం, మళ్లీ సూదులు. సబ్బుతో ఎంత తోమినా చేతులకు ఆ గది వాసన పోయేది కాదు.

ఆ రోజుల్లోనే మా మేనమామకు కాలేయంలో క్యాన్సరని తేలింది. అమ్మ పోయాక నన్ను పెంచి చదివించింది ఆయనే. చెరుకు రైతు, చర్చిలో డోలక్ వాయించేవాడు. పెద్ద దవాఖాన వాళ్లు కోయడానికి వీల్లేదని ఇంటికి పంపేశారు. ఒక శనివారం నేను గడపలో చెప్పులు విడుస్తుండగానే మొదలుపెట్టాడు.

"నీ మందు గడ్డను ఏం జేస్తది బిడ్డా?"

చెప్పాను.

"అంటె కాల్వకు అడ్డం గట్టుడన్నట్టు. నీళ్లు బందైతె చెరుకు ఎండదా?"

"ఎండుతది మామా. గని..."

"గని లేదు, గిని లేదు. నాకు తెస్తవా, తేవా?"

"మనుషులకు ఇంకా ఇయ్యలేదు మామా. ఎల్కలల్ల చూస్తున్నం."

"ఎల్కలకున్న విలువ నాకు లేదన్నట్టు!"

"జర ఊకో," అంది అత్త. "పిల్ల బస్సు దిగి నీళ్లు గూడ తాగలే."

మా సంఘంలో ప్రసంగానికి ముందు ఎవరికి ఏ అక్కర ఉన్నా లేచి నిలబడి ప్రార్థన మనవి చెప్పుకుంటారు. మరునాడు మామ బెంచీ పట్టుకుని లేచాడు. తన సంగతి ఎత్తలేదు. "మా పిల్ల దగ్గర నా సొంటి గడ్డలున్న ఎల్కలున్నయ్. అవి బతకాలని ప్రార్థన జెయ్యున్రి," అన్నాడు. వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. సంఘ పెద్ద మాత్రం నవ్వలేదు. ప్రభువు కాసులకు అమ్ముడుపోయే పిచ్చుకలనూ మరువడని చెబుతూ, ఎంతో నమ్మకంగా, ఆ ఎలుకలను పేరుపేరునా తెలిసినవాడిలా ఆయనకు అప్పగించాడు. ఆనాటి నుంచి అది ప్రతి ఆదివారపు మనవి అయింది. ముసలమ్మలు నన్ను ఆపి, "నీ ఎల్కలు మంచిగున్నయానే?" అని అడిగేవాళ్లు. "ఉన్నయ్," అనేదాన్ని. అంతకుమించి చెప్పే ఓపిక ఉండేది కాదు.

ప్రయోగం ముగిసిన వారం నేను ఇంటికి చేరేసరికి మామ మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. పొట్ట ఉబ్బింది, చేతులు పుల్లల్లా ఉన్నాయి.

"పని జేసిందా?"

"మందు పడ్డవాటికి గడ్డ చిన్నగైంది మామా."

"స్తోత్రం! ఏమే, ఇన్నవా?" అని అత్తను కేకేశాడు. "మరి ఇప్పుడెట్లున్నయ్?"

"లేవు. అన్నిటిని మేమే చంపినం."

"బాగైనయి గూడనా?"

"కార్జం తీసి తూకమేస్తెనే తెలుస్తది మామా, బాగైంది లేంది."

"సంఘమంత మోకాళ్లేసింది గదనే," అన్నాడు మామ.

బలుల సంగతి సండే స్కూల్లో చిన్నప్పుడే నేర్చుకున్నాను. ఒక ప్రాణం పోతే మరొకరు బతకడం నాకు కొత్త కాదు. కానీ ఈ ఎలుకలు పోయినందుకు ఎదురుగా ఉన్న మనిషి బతుకుతాడని నేను చెప్పలేకపోయాను.

"దాచకు. నాకు పొడిస్తె ఏమైతది?"

"మనిషికి ఎంత ఇయ్యాల్నో ఎవ్వరికీ తెల్వదు. చంపేముందు కొన్నిటికి మందు బంద్ జేసి చూసినం, గడ్డ మల్ల పెరిగింది. కొత్త నాళాలు రాక ఒంటి మీద పుండ్లు గూడ మానలే. నేను తేను మామా."

"తేవన్నట్టు."

"తేను."

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అత్త నీళ్ల గ్లాసు తెచ్చి నా పక్కన పెట్టి పోయింది.

పొద్దు వాలాక ఇంట్లో ప్రార్థన కూటం. సంఘ పెద్ద కళ్లు మూసుకుని ఎప్పటిలాగే ఎలుకల దగ్గర మొదలుపెట్టాడు. మంచం మీంచి మామ చెయ్యెత్తాడు.

"అన్నా, ఆగు. ఎల్కల పని అయిపోయింది. బతికియ్యమని గూడ అడగకు. నొప్పి తగ్గాలె, జర కన్ను మూతపడాలె. గంతే అడుగు."

సంఘ పెద్ద ఆ రెండే అడగడం మొదలుపెట్టాడు. దేవుడు ఏదైనా చేయగలడని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను. మంచం పక్కనే మోకరించాను. మామ నా భుజం మీద చెయ్యి వేశాడు. నొప్పికి ఆ చెయ్యి బిగుసుకున్నప్పుడల్లా సంఘ పెద్ద ప్రార్థన ఆపి, పట్టు సడలాక విడిచిన మాట నుంచి మళ్లీ అందుకునేవాడు.