బోర్డు పోయిందన్న మాట

కోరుట్లలో కంప్యూటరు మొరాయిస్తే రిపేరువాళ్ల నోట మొదట వచ్చే మాట ఒకటుండేది: బోర్డు పోయింది. తెర నల్లబడినా బోర్డే, పెట్టె కుయ్‌కుయ్‌మన్నా బోర్డే, ఆఖరికి ఎలుక వైరు కొరికినా బోర్డే. చెప్పేవాడికి వినేవాడు లోకువ. లోపల ఏముందో కొన్నవాడికి తెలియదు కాబట్టి ఆ మాట చాలామందికి అన్నం పెట్టింది. ఆ అన్నం ముట్టనివాడు మధుకర్ ఒక్కడే. బస్టాండు గోడకు ఎదురుగా, ఇద్దరు నిలబడితే మూడోవాడు బయటే ఆగాల్సిన దుకాణం అతనిది.

"బోర్డు గంత అల్కగ పోదే," అనేవాడు. ముందు ఇంకో మానిటరు తగిలించి చూసేవాడు, తర్వాత వైర్లు, తర్వాత కరెంటు. ఇళ్లలో ఉండే పెట్టెల్లో బొమ్మ చూపించడానికి వేరే కార్డు ఉండదు, ఆ పనీ బోర్డు నెత్తినే ఉంటుంది. దానికి సొంత మెమరీ లేదు, ర్యామ్ దగ్గర చేబదులు తెచ్చుకుంటుంది. ర్యామ్ పట్టీ కాస్త కదిలినా, దాని అంచుకు మసి పట్టినా తెర నల్లగానే ఉంటుంది. ఆ పట్టీ ఊడదీసి, బడిపిల్లలు వాడే రబ్బరుతో రుద్ది, మళ్లీ నొక్కితే చాలాసార్లు బొమ్మ వచ్చేస్తుంది. దానికి మధుకర్ చాయ్ పైసలు తీసుకుని పంపేవాడు.

ఈ విద్య అతనికి సిరిసిల్లలో అబ్బింది. బట్ట నేసే సాంచెల పక్కన పెట్టిన కంప్యూటర్లలో దూది దుమ్ము పేరుకుంటే దులిపే పనితో మొదలుపెట్టాడు. అంతకు ముందు షార్జాలో ఇటుకలు మోశాడు. సొంతూరు కథలాపూర్, తండ్రి మొండయ్య కల్లు గీసేవాడు. మధుకర్ షార్జాలో ఉండగా మొండయ్య తాటిచెట్టు మీంచి పడి, కొన్నాళ్లు మంచంలోనే ఉండి చనిపోయాడు. కొడుక్కి ఎవరూ చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "మీ నాయిన చెట్టెక్కపోయిండు" అన్నారు. గల్ఫుకు మనుషుల్ని పంపే ఊళ్లన్నిటికీ ఉన్న జబ్బే ఇది. అక్కడి కష్టం ఇక్కడ చెప్పరు, ఇక్కడి చావు అక్కడ చెప్పరు, మనసు పాడుచేసుకుంటారని. దినాలు కూడా అయిపోయాక తెలిసి ఇంటికొచ్చిన మధుకర్ తల్లితో చాలాకాలం సరిగ్గా మాట్లాడలేదు. ఆ మనిషే తర్వాత ఏం చేశాడో తలచుకుంటే కోపం వస్తుంది, వెనకే జాలీ వేస్తుంది.

చేతి ఫోన్లలో మొహాలు కనిపించని రోజులవి. కథలాపూర్ కొమురవ్వ కొడుకు శ్రవణ్ దుబాయిలో కట్టడం పనికి పోతూ ఇంట్లో ఒక కంప్యూటరు, దానికో కెమెరా కొనిపెట్టి పోయాడు. శుక్రవారం అక్కడ సెలవు. శుక్రవారం వస్తే కొమురవ్వ పొలం పని మానుకుని, తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని తెర ముందు కూచునేది. కొడుకు ఏం చెప్పినా ఆమె అడిగేది ఒకటే, ఏం తిన్నవు కొడుకా అని.

ఒక బుధవారం ఆ తెర వెలగలేదు. కొమురవ్వ పెట్టెను పాత చీరలో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని మధుకర్ దగ్గరికి తెచ్చింది.

"శుక్రారం లోపట కావాలె కొడుకా."

"రేపే తెచ్చి ఇంట్ల పెడ్తనవ్వా. నువ్వు పో."

ఆమె బస్సెక్కేలోపే పెట్టె బాగైంది. ర్యామ్ అంచుకు పొయ్యి పొగ మసి, అంతే. రబ్బరుతో రుద్దాడు, బొమ్మ వచ్చింది. తెర మీద శ్రవణ్, లత పెళ్లి ఫోటో. అంతలో ఆ లతే ఫోన్ చేసింది.

"అన్నా, ఆయన పరంజ మీదికెల్లి పడ్డడట. దవఖాన్ల ఉన్నడు. తలకు కట్లు, ముక్కుల పైపులట. అత్తమ్మకు గుండె నొప్పి ఉన్నది, గట్ల సూస్తె తట్టుకోదు. ఆయన లేసి కూసునేదాంక కంప్యూటర్ బాగు కాలేదని చెప్పన్నా."

"చెల్లె, గిది దాసిపెట్టుడు మంచిది కాదు."

"పానం ఉంటె ఉప్పమ్ముకోనైన బతుకుతం. ఆయన లేత్తడన్నా. ఒక్క వారం."

ఆమె ఏడుస్తోంది. మధుకర్ సరే అన్నాడు. తన తండ్రి అతనికి గుర్తు రాకపోలేదు. వచ్చాడు, అయినా సరే అన్నాడు. ఏడుస్తున్న మనిషికి కాదని చెప్పడం ఎవరికి చేతనవుతుంది?

శుక్రవారం మధ్యాహ్నం కొమురవ్వ ఉతికిన చీర కట్టుకుని దుకాణానికే వచ్చింది. బాగుచేసిన పెట్టె బల్ల మీదే ఉంది, దాని మీద గుడ్డ కప్పి ఉంది.

"బోర్డు పోయిందవ్వా," అన్నాడు మధుకర్. "హైదరాబాద్ నుంచి రావాలె."

"నువ్వు పోయిందన్నవంటె పోయినట్టే కొడుకా," అని చీర చెంగు సర్దుకుని వెళ్లిపోయింది.

ఆమె పోయిన కాసేపటికే లత ఆటో దిగింది. కూలికని ఇంట్లో చెప్పి వచ్చింది. శ్రవణ్ రూములో ఉండేవాడు దవాఖానాకు ల్యాప్‌టాప్ తెచ్చాడు. మధుకర్ గుడ్డ తీసి, దుకాణంలోని కెమెరా తగిలించి పెట్టె వెలిగించాడు. కట్ల మధ్య శ్రవణ్ మొహం సగమే కనిపించింది. కళ్లు భార్యను చూసి, ఆమె వెనక వెతికాయి.

"అవ్వేది?"

"చందుర్తికి పోయింది, మీ పెద్దవ్వ తానికి," అంది లత.

"గింత దూరం నుంచి... ఒక్కసారి సూసేదుండె."

"వచ్చే శుక్రారం సూపెడ్తా."

మధుకర్ పక్కనే నిలబడి ఉన్నాడు.

ఆదివారం శ్రవణ్ పోయాడు. శవపెట్టె హైదరాబాదులో దిగడానికి చాలా రోజులు పట్టింది. ఊరి మనుషులే వెళ్లి తెచ్చారు. మూత తీయవద్దన్నారు, తీయలేదు. కొమురవ్వ ఆ చెక్క మీద చెయ్యి పెట్టుకుని కూచుంది.

దినాలయ్యాక ఆమె కంప్యూటరు కోసం వచ్చింది. "బోర్డు అచ్చిందా కొడుకా? పెండ్లి ఫోటో అండ్లనె ఉన్నది. ఆని మొఖం సూసుకుంట."

కొత్త బోర్డు వేశానంటే సరిపోయేది. మధుకర్ వల్ల కాలేదు. తనకు చెప్పని వాళ్లమీద పెట్టుకున్న కోపమంతా ఇప్పుడు తనవైపే చూస్తోంది.

"బోర్డు పోలేదవ్వా. నువ్వు తెచ్చిన్నాడే బాగైంది. లత చెప్పద్దన్నది, నేను దాసిన."

"శుక్రారం నేనచ్చిన్నాడు?"

"బాగనె ఉండె."

"ఆడు కనవడ్డడా?"

"నువ్వు పోయినంక కనవడ్డడు. నిన్నే అడిగిండు. ఊళ్లె లేదని చెప్పినం."

కొమురవ్వ అతన్ని తిట్టలేదు. తిడితే బాగుండునని మధుకర్ ఈనాటికీ అనుకుంటాడు. ఆమె తల తిప్పి, రోడ్డు అవతల బస్టాండు గోడ వైపు చూసింది.

"నేను గా గోడ యెనకనె ఉంటి కొడుకా," అంది. "గా పొద్దు కథలాపూర్ బస్సు శానసేపు రాలేదు. ఒక్క కేక ఏస్తె ఉరికత్తుంటి."