చిన్నకోడలి మాంసం ఉండలు

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. కూర ఎవరు వండితే వాళ్లే వడ్డించాలి. పెళ్లై ధర్మపురికి వచ్చినప్పటి నుంచీ మాంసం కూర నాది, దాని గరిటె నాది. మా ఆయన పెట్టింది తిని లేచే మనిషి. ఏనాడూ "ఇంకొంచెం వెయ్యి" అని అడిగింది లేదు. ఎప్పటికైనా అడగకపోతాడా అని గరిటె పట్టుకుని ఆయన ఆకు ముందే నిలబడేదాన్ని. మా మరిదికి పెళ్లై చిన్నకోడలు వచ్చిన ఏడాది ఆ గరిటె కాస్తా పోయింది.

ఎనభైలలో అప్పుడప్పుడే మా వీధిలోకి కుక్కర్లు వస్తున్నాయి. మా ఇంటికీ ఒకటి వచ్చింది. అది వచ్చిన తొలి ఆదివారమే మా అత్తగారి అన్న మహేంద్రమంగళం నుంచి భోజనానికి వస్తున్నాడు. ఆయన కోసం తెచ్చిందేమో ముదురు మేక మాంసం. కట్టెల పొయ్యి మీద మామూలు గిన్నెలో అలాంటిది ఉడకాలంటే పచ్చి బొప్పాయి ముక్క వేయాల్సిందే. అలవాటు కొద్దీ అదే పొయ్యి మీద పెట్టిన కుక్కర్లోనూ వేశాను. మూత తీసి చూస్తే ముక్క అన్నదే లేదు. ఎముకలు ఒకపక్క, పీచు ఒకపక్క.

నేను తల పట్టుకుని కూర్చుంటే చిన్నకోడలు వచ్చి తొంగిచూసింది.

"ఏమీ కాలేదక్కా, ఇట్ల ఇయ్యి," అంటూ కుక్కరు లాక్కుంది.

ఎముకలు ఏరి చారులో వేసింది. మాంసంలోని నీళ్లు గట్టిగా పిండేసి, పుట్నాల పొడి, కొబ్బరి, సోంపు, చిన్న ఉల్లిపాయలు కలిపి రోట్లో రుబ్బి, ఉండలు చుట్టి నూనెలో వేయించింది. ఇల్లంతా వాసన. ఆ వాసన బాగుందని ఒప్పుకోవడానికి నాకు ఇప్పటికీ మనసు రాదు.

ఉండల పళ్లెం కోసం చెయ్యి చాపాను. "చేసినదాన్నే పెట్టనీ," అంది అత్త. ఆ పెద్దాయన సంగటిలోకి ఉండ నంజుకుని, "ఇది ఎవురు చేసినారు?" అన్నాడు.

"మా చిన్నది," అంది అత్త, గర్వంగా.

నాకు ఒళ్లు మండిపోయింది. మాంసం కడిగింది నేను, ఉప్పూకారం వేసింది నేను, పొగలో కళ్లు నలుపుకున్నది నేను. పేరు మాత్రం దానికి.

మరుసటి ఆదివారం బొప్పాయి జోలికి పోలేదు. ముక్క చెదరకుండా, ఎముకకు అంటుకునే ఉండేలా వండాను. అందరూ తిన్నారు. మరిది మాత్రం, "ఉండలు లేవా వదినా?" అన్నాడు.

ఆ తరువాతి వారం అత్త తానే బొప్పాయి ముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. "పెద్దదానా, ఆ పొద్దు మాదిరే బాగా పీచు చేసి ఇయ్యి. మిగతాది చిన్నది చూసుకుంటుంది."

అంటే నా కూర చెడితేనే వీళ్లకు రుచి! చెడగొట్టి ఇచ్చాను. ఆమె ఉండలు చుట్టింది, ఆమే వడ్డించింది. నేను నీళ్ల చెంబు పట్టుకుని పక్కన నిలబడ్డాను.

మాలో తమ్ముడి భార్యతో అన్న ఎదురుగా మాట్లాడడు. ఏం కావాలన్నా ఇంకొకరితో చెప్పించాలి. ఆకులో ఉండలు అయిపోగానే మా ఆయన తలెత్తి నావైపు చూశాడు.

"ఇంగా రెండు పెట్టమని చెప్పు."

ఆమె నా పక్కనే ఉంది. ఆ మాట విన్నది కూడా. అయినా పద్ధతి ప్రకారం, నా నోటితో నేను చెప్పేదాకా పళ్లెం పట్టుకుని ఆగింది.

చెప్పాను.