పాచి సారు, ఒక్క మార్కు

మా జూనియర్ కాలేజీలో గంగాకిషన్ సారును పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. పిల్లలకూ, ఆఫీసు గుమాస్తాకూ, చివరికి పెర్కిట్ నుంచి మమ్మల్ని తెచ్చే ఆటోవాడికీ ఆయన పాచి సారే. నేను జువాలజీ చెబుతాను, ఆయన బోటనీ. స్టాఫ్ రూంలో మావి పక్కపక్క కుర్చీలు. ఆయన సంగతి నాకు తెలిసినంత అక్కడ ఇంకెవరికీ తెలియదు. తెలిసిన పాపానికి ఒళ్లు మండేదీ నాకే.

కమ్మర్‌పల్లిలో పసుపు పండించే ఇంట్లో పుట్టాడు. ఎమ్మెస్సీ చేసి, హైదరాబాద్‌లో పీహెచ్‌డీకి చేరాడు. శైవలాల్లో, అంటే మన చెరువుల్లో పట్టే పాచిలో, హిస్టోన్లనే ప్రొటీన్లు ఎలా ఉంటాయి, ఎలా మారుతూ వచ్చాయి అన్నది ఆయన పరిశోధన. గైడ్ రిటైరయ్యాక ఇంకో ప్రొఫెసర్ ఎవరూ ఆయన్ని తీసుకోలేదు. పాచి మీద పరిశోధన ఎవరికి కావాలయ్యా అని ఒకాయన మొహం మీదే అన్నాడట. సగం థీసిస్‌తో ఆర్మూరు వచ్చి పడ్డాడు. ఆ చదువంతా ఇక్కడ అడవిగాచిన వెన్నెల. మా దగ్గర పాఠమంటే బిట్లు, బిట్లంటే మార్కులు, అంతే.

ఆయన మాట వినేది ఒక్క స్నేహలత. మోర్తాడ్ పిల్ల. తండ్రి లేడు. తల్లి రత్నవ్వ బీడీలు చుట్టి చదివిస్తోంది. ఒకరోజు వరండాలో పోతూ నేనూ ఆగి విన్నాను.

“మీ అమ్మ బీడీలకు కట్టే దారం రీలుకు చుట్టకుంట వదిలేస్తే ఏమైతది?” అని అడుగుతున్నాడు.

“చిక్కు పడ్తది సార్,” అంది స్నేహలత.

“కణంల డీఎన్ఏ సుత గంతే. గా దారం చుట్టుకునే రీళ్లే హిస్టోన్లు. ఎనిమిది కలిస్తె ఒక రీలు. అండ్ల ఒకటి ఆవుల, బఠానీ మొక్కల దాదాపు ఒక్కతీరుగనే ఉంటది. కోట్ల ఏండ్లయినా మారలేదు. మారితే బతుకు నడవదు.”

“మరి అన్ని జీవులల్ల గిట్లనే ఉంటదా సార్?”

ఆ కాలేజీలో ఆయన్ని ఒకరు ప్రశ్న అడగడం నేను అదే మొదటిసారి చూశాను. మొహం చేటంత చేసుకున్నాడు.

“లేదు బిడ్డా. డైనోఫ్లాజెల్లేట్లని ఒక జాతి శైవలాలున్నయి. వాటికి కేంద్రకం ఉంది, హిస్టోన్ జన్యువులు సుత ఉన్నయి. అయినా డీఎన్ఏ చుట్టనీకె వాటిని అంతగ వాడుకోవు. వైరస్‌ల కెల్లి వచ్చినయనుకునే వేరే ప్రొటీన్లతోని నడిపించుకుంటయి. నేను చేసిన పని గదే.”

జనవరిలో మా మేనేజ్‌మెంట్ ఒక పరీక్ష పెట్టింది. ఫస్టొచ్చిన వాళ్లకు హైదరాబాద్ బ్రాంచిలో మెడికల్ కోచింగ్ ఉచితం. స్నేహలత డాక్టరు కావాలంటే ఆ సీటు తప్ప వేరే దారి లేదు. ఒక్క మార్కుతో రెండో స్థానంలో ఆగిపోయింది. పోయిన బిట్టు ఇదీ: కేంద్రకమున్న జీవులన్నిటిలోనూ డీఎన్ఏ హిస్టోన్లకు చుట్టుకుని ఉంటుంది, ఒప్పా తప్పా? ఆ పిల్ల తప్పు అని పెట్టింది. పుస్తకంలో ఉన్నట్టే కీలోనూ ఒప్పు అని ఉంది.

గంగాకిషన్ నోట్లో నాలుక లేని మనిషి. ఆ రోజు మాత్రం కరస్పాండెంట్ శేఖర్ గదిలోకి వెళ్లి వాదించాడు. నేనూ వెంట వెళ్లాను.

“కీ మన చేతుల లేదు సార్, హైదరాబాద్ కెల్లి వచ్చింది,” అన్నాడు శేఖర్ ఫోనులోంచి తలెత్తకుండా. “మీ పాచి కథలు క్లాసుల చెప్పుడు బంద్ చెయ్యుండ్రి. పిల్లలు ఆగమైతున్నరు.”

మర్నాడు రత్నవ్వ వచ్చింది. పనికి నాగా పెట్టుకుని వచ్చినట్టుంది, కొంగుకు తంబాకు వాసన ఇంకా పోలేదు. సారు చెప్పింది తప్పు కాదని స్టాఫ్ రూం గుమ్మంలోనే నేను ఆమెకు చెప్పాను.

“సారూ, నువ్వు తప్పు చెప్పినవనుకొని తిట్టనీకె వచ్చిన,” అంది. “నిజమే చెప్పినవని గీ మేడమ్ అంటుంది. మరి నిజం రాస్తే నా బిడ్డ సీటెట్ల పోయింది?”

ఆయన లేచి తన కుర్చీ ఆమె ముందుకు జరిపాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

నెల తిరక్కుండా ఇంకో సీటుకు పరీక్ష అన్నారు. అదే చివరిది. ముందురోజు స్నేహలత స్టాఫ్ రూంకు వచ్చి సారు ముందు నిలబడింది.

“గదే బిట్టు మళ్లొస్తే ఏం పెట్టాలె సార్? ఏది నిజమో నాకెరుకే. నేను గది అడుగుతలేను.”

ఆయన బల్ల మీది పాఠ్యపుస్తకం ఆ పిల్ల వైపు జరిపాడు.

“పుస్తకంల ఉన్నదే పెట్టు బిడ్డా,” అన్నాడు.

ఆ బిట్టు రానే వచ్చింది. స్నేహలతకు సీటూ వచ్చింది. నాకు సంతోషమూ కలిగింది, ఏడుపూ వచ్చింది. పేడాల డబ్బా పట్టుకుని నేరుగా ఆయన దగ్గరికే వచ్చింది, మంచి పిల్ల, కడుపులో ఏ కల్మషమూ లేదు. వంగి కాళ్లకు మొక్కింది.

“మీరు పుస్తకం అవతల చెప్పినయన్ని మనసుల కెల్లి తీసేసి చదివిన సార్. అందుకే వచ్చింది,” అంది.

ఆయన ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టాడు.

“మంచి పని చేసినవ్ బిడ్డా,” అన్నాడు.