ముందు తీగ, ఆ తర్వాతే సూర్యుడు

పొద్దున ట్రాన్సిస్టర్ పెడితే గరగర తప్ప మాట లేదు. "దాన్ని అవతల పారెయ్యకూడదూ?" అంది మా ఆవిడ. నేను ముందు ఏరియల్ తీగ కదిపి చూశాను. ఆ తర్వాతే కిటికీలో బైనాక్యులర్స్ పెట్టి, తెల్ల అట్ట మీద సూర్యుణ్ణి పట్టుకున్నాను. ఈ వరస నాకు నేర్పింది సింహాచలం గారు.

డెబ్బైల చివర్లో, విశాఖపట్నంలో ఓడలతో మాట్లాడే రేడియో స్టేషన్‌లో నేను కొత్త ఆపరేటర్ని. ఆయన మా ఇన్‌చార్జి. విజయనగరం వైపు రైతు కుటుంబం. గట్టి గొంతు, అంతకన్నా గట్టి నమ్మకం. నేను గోదావరి జిల్లా వాణ్ణి కనక "గోదారి బాబూ" అని ఆటపట్టించేవారు. రోజూ బైనాక్యులర్స్‌లోంచి వచ్చే ఎండను అట్ట మీదికి మళ్లించి, రూపాయి బిళ్లంత సూర్యుడి మీద నల్ల మచ్చలు చూపించేవారు.

"ఒట్టి కంటితో సూడకు, గుడ్డోడివైపోతావు. మచ్చలు ముదిరితే సూర్యుడికి తిక్క రేగుతాది. పగలు మన రేడియో మూగబోతాది. రెండ్రోజులాగి ఉత్తర ధ్రువం కాడ ఆకాశం రంగులెక్కుతాది."

"ఆ రంగులు మన బీచ్‌లో కనపడవా సార్?"

"మనకా? మనకి గరగరే పెసాదం!"

ఓ రోజు రేడియో మూగబోతే "ఎండ సేసిన పనే, కూకో" అని నిబ్బరంగా టీ తెప్పించుకున్నారు. సాయంత్రమైనా ఉలుకూ పలుకూ లేదు. మేడెక్కి చూస్తే ఉప్పుగాలికి తుప్పు పట్టి తీగ ఊడిపోయి ఉంది. మేం నవ్వాపుకోలేక తంటాలు పడుతుంటే ముందు ఆయనే పగలబడి నవ్వారు. "తప్పు మన తీగది, నిందేమో సూర్యుడి మీద! ఈయేల్టి నుంచి ముందు తీగ సూడండి, తర్వాతే సూర్యుణ్ణి తిట్టండి" అన్నారు. మర్నాటి నుంచి మాకంటే ముందు ఆయనే మేడెక్కేవారు.

ఆ వేసవిలోనే ఓ మధ్యాహ్నం డ్యూటీ నాది. బంగాళాఖాతంలో మా రేవుకే వస్తున్న విదేశీ ఓడ కెప్టెన్ పిలిచాడు. వంటవాడికి కడుపునొప్పి, స్పృహ తప్పుతున్నాడు, డాక్టరు సలహా కావాలి. డాక్టర్ని ఫోన్‌లో పట్టుకునేలోగా కెప్టెన్ గొంతు మాయమైంది. పరుగున మేడెక్కాను. తీగ భేషుగ్గా ఉంది. పొద్దున అట్ట మీద చూసిన మచ్చల గుంపు అప్పుడు గుర్తొచ్చింది. కిందికొచ్చేసరికి పక్క ఆపరేటర్ సెట్టు విప్పబోతున్నాడు. అదే సమయానికి సింహాచలం గారు వచ్చారు.

"తీగ సూసినావా?"

"చూశాను సార్, బాగుంది."

"అయితే సెట్టు ముట్టుకోకండి. ఇది ఎండ పనే."

నా హెడ్‌ఫోన్లు తీసుకుంటారనుకున్నాను. ఆయన కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. "నీ కెప్టెన్ని నువ్వే పిలు. పై ఫ్రీక్వెన్సీకెల్లు, అదే ముందు తేరుకుంటాది. ఆళ్లకీ తెలుసు, అక్కడే ఎతుకుతారు."

ఈలోగా ఫోన్‌లో దొరికిన డాక్టర్ లైన్ పెట్టెయ్యలేదు. నేను పిలుస్తూనే ఉన్నాను. చాలాసేపటికి గరగర వెనక సన్నగా ఆ గొంతు వినిపించింది. నాకు ఏడుపొచ్చేసింది. డాక్టర్ చెప్పినట్టల్లా ఓడలో చేశారు. రేవు చేరగానే ఆసుపత్రికి తీసుకెళ్లారు. వంటవాడు బతికాడు.

నాలుగు రోజులకి కెప్టెన్ కృతజ్ఞత చెప్పడానికి మా స్టేషన్‌కి వచ్చాడు. ఎక్కడో ఉత్తరాన వాళ్ల ఊరి మీద ఆకాశమంతా ఆకుపచ్చగా వెలిగిందని ఇంటినుంచి కబురొచ్చిందట. సింహాచలం గారు తొడ చరిచి, "సెప్పినానా లేదా?" అన్నారు.

కెప్టెన్ వెళ్లాక అడిగాను, "ఒక్కసారైనా ఆ వెలుగు చూడాలని లేదా సార్?"

"ఎందుకు బాబూ? ఆ గరగరలోంచి మనిసి గొంతొచ్చినాది. నాను ఇన్నాను. అంతకన్నా ఏటి సూడాలి?"

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఎవరి నుంచైనా మాట ఆగిపోతే, తప్పు నాదేమోనని ముందు నా వైపు తీగ చూసుకుంటాను. అది బాగుంటే పిలవడం మానను. ఇవాళ అట్ట మీద పెద్ద మచ్చే కనిపించింది. ట్రాన్సిస్టర్ కట్టెయ్యకుండా పక్కన పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి మా ఆవిడ కూడా కాఫీ తెచ్చుకుని పక్కన కూర్చుంది.