ఎనిమిది వచ్చిందని తీసేసిన నంబరు

మా బావగారంటే, అంటే మా ఆయన అన్నంటే, నాకు ఒళ్ళు మంట. దాచి రాయడం నా వల్ల కాదు. ఏ నంబరు కనపడినా ఒక్క అంకె మిగిలేదాకా కూడుతూ పోతాడు. తొమ్మిది వస్తే మొహం వెలుగుతుంది. ఎనిమిది వస్తే శని అంటాడు.

నా ఫోన్ నంబరు అంకెలన్నీ కూడితే నలభై నాలుగు. నాలుగూ నాలుగూ ఎనిమిది. నేను విడవలూరు దగ్గర బళ్ళో లెక్కలు చెబుతాను. ఆ నంబరును వంద లోపు ప్రధాన సంఖ్యలన్నిటితోనూ చేత్తోనే భాగించి చూశాను. మిగతావి బడి కంప్యూటరు చూసింది. తొమ్మిది వందల కోట్లు దాటిన సంఖ్య, ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ శేషం లేకుండా పోదు! అది నాదైనందుకు నాకు పిచ్చి గర్వం.

పోయిన పంటలో తెల్లమచ్చ తెగులొచ్చి మా గుంటల్లో రొయ్యలు పోయాయి. తప్పు నా నంబరు మీద పడింది. గుంటల దగ్గర కరెంటు పోతే అక్కడి మోటార్ల స్టార్టరు పెట్టె దానంతటదే నాకు ఫోన్ చేస్తుంది. నేను మా ఆయనకు చెబితే, ఆయన పరుగెత్తి జనరేటర్ వేస్తాడు. బావగారికి చేస్తే ఎత్తడు, మా ఆయన కంపెనీ ఫోనేమోనని కట్ చేస్తాడు కాబట్టి ఈ ఏర్పాటు. నా సిమ్ము బావగారి పేరు మీదే ఉంది. ఒక పొద్దున నాతో మాట మాత్రం చెప్పకుండా దాన్ని ఆపించి, తొమ్మిది వచ్చే నంబరు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"తొమ్మిది వచ్చిందంటే అది తొమ్మిదితో భాగం పోతుంది, అంతే బావా. దాంట్లో ఇంకేం లేదు" అన్నాను.

"నీ లెక్కలు బళ్ళో చెప్పుకో అమ్మే. గుంటల సంగతి నాకు తెల్దా?"

"సరే, పెట్టెలో నంబరు మార్చినారా?"

"తొమ్మిదో తారీఖున మారుస్తా. మంచి రోజు."

ఆరోజు ఐదో తారీఖు. పెట్టె తాళం బావగారి దగ్గరుంది. నేనింకో మాట అనాల్సింది. ఒక్కసారి దెబ్బ తగిలితేనే బుద్ధొస్తుందిలే అనుకుని ఊరుకున్నాను.

ఏడో తారీఖు, మబ్బు పట్టిన మధ్యాహ్నం, గుంటల లైనులో కరెంటు పోయింది. పెట్టె పాత నంబరుకే చేసి ఉంటుంది. ఫోన్ బళ్ళో నా బల్ల మీదే ఉంది, మోగలేదు. నీళ్ళు చిలికే ఏరియేటర్లు ఆగి, నీళ్ళలో గాలి అందక, సాయంత్రానికి రొయ్యలు గట్టుకు కొట్టుకొచ్చాయి.

బావగారు గట్టు మీద కూలబడ్డాడు. "ఇంకో రెండ్రోజులు ఆగుంటే మంచి రోజొచ్చేది" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు సంతోషం కలిగింది. మా ఆయన మోకాలిలోతు నీళ్ళలో దిగి, చచ్చిన రొయ్యల్ని వలతో పోగు చేస్తున్నాడు. ఆ గుంటల్లో సగం మాది.