ఆరో పాఠం ఏదని అడిగేవాళ్ళకు

కంచరపాలెం లైబ్రరీ పంతులమ్మ పోయింది. గోపాలపట్నంలో తన ఇంట్లో, పొద్దున్నే కాఫీ కలుపుకొని, తాగకుండానే పోయింది. నేను బుట్ట దింపి లైబ్రరీ మెట్టు మీద కూర్చుంటే, అక్కడ ఇప్పుడు ఇన్‌చార్జిగా ఉన్న బాబు వచ్చి చెప్పాడు. గోదావరి వైపు నుంచి చుట్టాలు వచ్చారు, చేయాల్సినవి చేశారు, ఇంటికి తాళం వేసుకొని వెళ్ళారు. సంతాపసభలో ఒకాయన మైకు పట్టుకొని, "పాపం, చివర్లో ఆమెకు ఎవరూ లేరు" అన్నాడు. ఆ మాట నాకు గొంతులో ముల్లులా దిగింది. నాకు అక్షరం రాదు కాబట్టి నేను చెబుతుంటే ఇన్‌చార్జి బాబే ఇది రాస్తున్నాడు. ఆమెకు మనుషులున్నారు. వాళ్ళకి కబురు అందలేదు. నా గొడవంతా అదే.

నేను చేపలమ్ముకునే మనిషిని. బేరాలయ్యాక, ఎండ దిగేవరకు లైబ్రరీలో ఫ్యాను కింద కూర్చునేదాన్ని. బుట్ట బయట పెట్టినా వాసన లోపలికొచ్చేది. పేపరు చదివేవాళ్ళు ముక్కు మూసుకుంటే పంతులమ్మ, "పిన్నిగారు కూర్చుంటారండి. మీకు ఇబ్బందైతే ఆ కిటికీ దగ్గరకు జరగండి" అనేది. గొంతు పెంచడం ఎరగని మనిషి. తొంభైల్లో భర్తకు స్టీల్ ప్లాంటులో ఉద్యోగమైతే వెంట వచ్చింది. ఆయన పోయినా ఇక్కడే ఉండిపోయింది. "మీ ఊరెలిపోవేటి?" అని అడిగితే, "పుస్తకాలు సర్దడం అవ్వలేదండి" అనేది. ఎప్పటికీ అవ్వలేదు.

లైబ్రేరియన్‌గా రిటైరయ్యాక కూడా వచ్చేది. లైబ్రరీలో కంప్యూటర్ ముందు కూర్చుని పాఠాలు చెప్పేది. ఎక్కడెక్కడి ఊళ్ళలోనో లైబ్రరీల్లో పనిచేసేవాళ్ళు ఆమె విద్యార్థులు. లైబ్రరీ పేరున ఇంటర్నెట్‌లో బ్లాగు ఎలా పెట్టాలి, చదివినవాళ్ళు కింద కామెంట్ రాస్తే ఎలా పలకాలి, ఒకే పేజీని పదిమందీ కలిసి ఎలా దిద్దుకోవాలి, ఇవీ పాఠాలు. వారానికొకటి.

"పిల్లలేరీ?" అని అడిగాను మొదట్లో.

"ఇందులో ఉన్నారండి."

"నాకొక్కులూ అగుపడరేటి?"

"నాకూ కనపడరండి, పిన్నిగారూ." నవ్వుతూనే అంది గానీ ఆ నవ్వు నాకు నచ్చలేదు.

పాఠం పెట్టేది. కింద ఎవరూ ఏమీ రాసేవాళ్ళు కాదు. వచ్చి తెరిచేది, చూసేది, "చదివే ఉంటార్లే" అని తనకు తనే చెప్పుకొని మూసేది. వేటకు పోయిన పడవ కోసం ఒడ్డున నిలబడ్డ ఆడవాళ్ళను చూసినదాన్ని నేను. ఎదురు చూసే మనిషి వీపు ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఒకరోజు ఒళ్ళు మండింది.

"నాను సెప్తాను, నువ్వు టైపు కొట్టు" అన్నాను.

"ఏం చెప్తారండి?"

"ఏటర్రా, పంతులమ్మ అంత సక్కగా పాటం సెప్తంటే బెల్లం కొట్టిన రాయిలాగ కూకున్నారేటి? మీకు నోళ్ళు నేవా? అని కొట్టు."

"బాగోదేమోనండీ."

"తిట్టింది నాను గదా. నీకేటి?"

కొట్టింది. కింద చేపల పిన్నిగారు అని నా పేరు పెట్టింది. మర్నాటికి ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డాయి. ఎలమంచిలి నుంచి ఒకావిడ, "మా లైబ్రరీకి ఎవరూ రారు మేడమ్. రోజంతా నాతో మాట్లాడేది మీ పాఠమొక్కటే" అని రాసింది. పంతులమ్మ అది నాకు చదివి వినిపిస్తూ మధ్యలో ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "తలుపు తీసి కూర్చుంటే చాలదండి, వచ్చినవాళ్ళని పలకరించాలి" అంది. ఆ రోజు నుంచి ఎవరు ఒక్క ముక్క రాసినా బదులు రాయకుండా ఇంటికి బయల్దేరేది కాదు. గోపాలపట్నం బస్సు పోయినా సరే. "బదులు రాకపోతే మనిషి తన తప్పేమో అనుకుంటాడండి" అనేది.

ఈసారి చేరినవాళ్ళకు ఐదు పాఠాలు చెప్పింది. ఆరోది చెప్పకుండా పోయింది. దినాలు కూడా అయిపోయాక, ఆ పేజీ తెరిచి చదవమని బాబును అడిగాను. చదివాడు. "మేడమ్, ఆరో పాఠం ఏదండీ?" దాని కింద, "ఆరోగ్యం బాగుందా మేడమ్?" అన్నిటికంటే కింద ఇంకెవరో, "నేను రాసిన దాంట్లో ఏమైనా తప్పుందా? కోపం వచ్చిందా మేడమ్?"

"సూసినావా?" అన్నాను.

"ఆలకే తెలుస్తాది మామ్మా. ఆమె పాస్‌వర్డు మనకాడ నేదు. మనకెందుకు, ఒగ్గీ."

"ఒగ్గీమంతావేటి? మా ఒడ్డున మనిసి పోతే ఊరూరికీ మనిసిని పంపి కబురెడతాం. కబురు ఇన్నోళ్ళు నెత్తిన నీల్లోసుకుంతారు. కబురందనోడు పోయినోళ్ళని బతికున్నట్టే పిలుస్తాడు. ఆలనలా పిలవనిస్తావేటి?"

"అది మీ ఆచారం. ఇంటర్నెట్‌కి ఆచారాలేటే మామ్మా?"

"అటేపు ఉన్నోలు మనుసులు కారేటి? నాను తిట్టిననాడు నాకాడ ఏ పాస్‌వర్డుందిరా? కింద మాట రాయడానికి తాళాలక్కర్నేదు. కొట్టు."

ఈ ముక్కలు రాయడానికి బాబు ఇప్పుడు మొహమాటపడుతున్నాడు. రాయమంటున్నాను.

నేను చెప్పింది ఇది: "మీ పంతులమ్మ పోయింది. మీ మీద ఆమెకు ఏ కోపమూ లేదు. ఉన్నన్నాళ్ళూ మీరు రాసిన ప్రతి ముక్కా చదివి బదులిచ్చింది. ఇప్పుడు ఇవ్వలేదంటే ఇవ్వలేకే. నెత్తిన నీళ్ళు పోసుకోండి. ఇట్లు, చేపల పిన్నిగారు."

బాబు మీట నొక్కి, "ఎలిపోనాది" అన్నాడు. పేపర్లు సర్దుకోవడానికి అవతలికి పోయాడు. నేను ఆమె కుర్చీలోనే కూర్చుండిపోయాను. ఎవరూ ఏమీ రాయలేదు. కాసేపటికి తెర దానంతటదే నల్లబడింది. ఆ నలుపులో నా మొహం, వెనక తిరుగుతున్న ఫ్యాను కనిపించాయి. ఏది నొక్కాలో నాకు తెలియదు. మౌసును వేలితో కొంచెం కదిపాను. వెలిగింది. మళ్ళీ నల్లబడింది. మళ్ళీ కదిపాను. అవతల బాబు కిటికీలు ఒక్కొక్కటే మూస్తున్నాడు. తెర నల్లబడినప్పుడల్లా, నేను వేలు పెట్టి కదుపుతూనే ఉన్నాను.